ఇసుక బస్తాకు నడుము ఉండదు

బండి నడిపేవాడికి రోడ్డు కనిపిస్తుంది. గుంత వస్తోందని ముందే తెలుసు కాబట్టి కాళ్లు బిగబట్టి ఒళ్లు కొంచెం పైకి లేపుకుంటాడు. వెనక ఒక పక్కకు కాళ్లు వేసుకుని కూర్చున్న ఆడదానికి కనిపించేది మొగుడి భుజం, పక్కన వెనక్కి పోయే కంచె. గుంత వచ్చిందని ఆమెకు నడుము చెప్పాల్సిందే. ఇంత చిన్న సంగతి ఒక మెకానిక్‌కు తెలియజెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది. ఆ మెకానిక్ నా మొగుడే.

పెద్దపల్లిలో రైలు గేటుకు ఇవతల మాకు రేకుల కప్పున్న షాపు ఉండేది. షాపు వెనకే ఇల్లు. నేను ఆదిలాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చినదాన్ని. మా మాటలో సగం మరాఠీ కలిసి ఉంటుంది. డెబ్బైల చివర్లో పెళ్లయి వచ్చిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, అత్త ముసిముసిగా నవ్వేది. అందుకే మొదటి ఏడాది పెద్దగా మాట్లాడలేదు. పని చేశాను.

మా ఆయన పని మోటార్ సైకిళ్ల వెనక చక్రానికి రెండు పక్కలా ఉండి కుదుపు తగ్గించే షాకప్‌లు బాగుచేయడం. ఇంజన్లు చూసేవాళ్లు ఊళ్లో నలుగురుండేవారు కానీ షాకప్ విప్పేవాడు మాత్రం ఆయనొక్కడే. అప్పట్లో ఒక ఇంట్లోకి బండి వచ్చిందంటే ఇరవై ఏళ్లు అక్కడే ఉండేది. కంపెనీ బిగించి పంపిన షాకప్‌లు మాత్రం మా రోడ్ల మీద రెండేళ్లు ఆగేవి కావు. కంపెనీవాళ్లు ఇద్దరు మనుషుల లెక్కన చేస్తారు. మా దగ్గర అదే బండి మీద మొగుడూ పెళ్లామూ, మధ్యలో ఇద్దరు పిల్లలు, ట్యాంకు మీద ఇంకొకడు, పక్కన కొక్కేనికి వేలాడే ఎరువుల సంచి. ముందు నూనె కారుతుంది. తర్వాత లోపలి కడ్డీకి గీతలు పడతాయి. ఆఖరికి గుంత వచ్చినప్పుడల్లా ఇనుము ఇనుముకు తగిలి ఠక్కుమంటుంది. కొత్త జత కావాలంటే హైదరాబాద్ పోవాలి, పోయినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని మంథని నుంచీ సుల్తానాబాద్ నుంచీ కూడా మా షాపుకు వచ్చేవారు.

షాకప్ విప్పడం ఇద్దరి పని. ఒకరు స్ప్రింగును బలంగా అదిమి పట్టుకుంటే ఇంకొకరు పైన ఇరికి ఉన్న రెండు ఇనుప చిప్పల్ని లాగెయ్యాలి. అదిమేది ఆయన, లాగేది నేను. స్ప్రింగు జారితే వేలును వదలదు. నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే ఉంది. స్ప్రింగు తీశాక లోపలి గొట్టం మూత విప్పి, తారులా నల్లబడ్డ నూనెను ఒంపి, సామానంతా కిరోసిన్‌లో కడిగేదాన్ని. కొత్త సీలు వేసి కొత్త నూనె పోయాలి. ఆ నూనెను దగ్గుమందు సీసా మీది గీతలతో కొలిచేవాళ్లం.

అసలు విద్య ఎంత పోశామన్నదాంట్లో లేదు, ఎంత చిక్కనిది పోశామన్నదాంట్లో ఉంది. మరీ చిక్కనైతే షాకప్ కదలనే కదలదు. చలికాలం పొద్దున్నే నూనె నెయ్యిలా పేరుకుని బండి ఎడ్లబండిలా కుదిపేస్తుంది. పలచనైతే మెత్తగా దిగుతుంది కానీ లేచేటప్పుడు మనిషిని చేటలో బియ్యంలా ఎగరేస్తుంది. మా ఆయన రెండు రకాలూ కలిపి మధ్యస్తంగా చేసేవాడు. స్ప్రింగు కింద ఉండే గాట్ల రింగును తిప్పి బిగువు సరిచేసేవాడు. సరిగ్గా కుదిరిందా లేదా అన్నది చేతితో నొక్కి చూస్తే తెలియదు. వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపి చూడాలి. ఆ మనిషిని నేను.

మాకు పరీక్ష పెట్టేది రైలు గేటు. అక్కడ పట్టాలు రోడ్డు కంటే బెత్తెడు ఎత్తున ఉండేవి. అవి దాటగానే మిల్లుకు వడ్లు మోసే ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాళ్లు. గేటు అవతల కల్వర్టు దాకా పోయి తిరిగొస్తే ఒక రౌండు. రౌండు అయ్యాక ఆయన బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగేవాడు.

"ఎట్లున్నదే?"

"కొడ్తున్నది," అనేదాన్ని, షాకప్ అడుగుకంటా దిగి నడుములో పొడిస్తే. "ఎగరేస్తున్నది" అంటే లేవడం తొందరగా ఉందని. "మొద్దుగున్నది" అంటే అసలు దిగడం లేదని. ఈ మూడు మాటలతోనే మేం మూడేళ్లు పని నడిపాం. ఆయన విని, షాపులోకి పోయి, మళ్లీ విప్పి, నూనె మార్చేవాడు.

అబద్ధమెందుకు, మొదట్లో నాకు సరదాగానే ఉండేది. పట్టపగలు ఊరందరూ చూస్తుండగా మొగుడి వెనక బండెక్కి రోజుకు నాలుగుసార్లు గేటు దాటే యోగం పెద్దపల్లిలో ఇంకే కోడలికి ఉంది? పైగా నా మాట మీద షాకప్‌లు మారేవి. ఒక సంగతి నేనే కనిపెట్టాను కూడా. ఆడవాళ్లం కాళ్లు రెండూ ఎడమ పక్కకే వేస్తాం. బరువు అటే వాలుతుంది, ఎడమ షాకప్ ముందుగా కుంగుతుంది. "ఎడమ దాంట్ల జర చిక్కటిది పొయ్యి," అన్నాను ఒకరోజు. రెండింట్లో రెండు రకాల నూనె పోయడం ఎక్కడా లేదని ఆయన వాదించాడు. "నువ్వే వంకరగ కూసుంటవు," అన్నాడు. చివరికి పోసి చూస్తే బండి నీళ్ల మీద పడవలా పోయింది. అప్పటినుంచి పెళ్లయినవాళ్ల బండ్లకు ఎడమది చిక్కన, కుడిది పలచన పోసేవాళ్లం. ఈ రహస్యం ఏమిటని పక్క షాపువాళ్లు అడిగితే ఆయన మీసం దువ్వేవాడే తప్ప, మా ఇంటిదాని నడుము చెప్పింది అనలేదు. నేనూ పట్టించుకోలేదు. ఆ వయసులో అవన్నీ గొప్పగానే అనిపిస్తాయి.

ఎనభైల మొదట్లో, వరికోతల కాలంలో, నాకు మూడో నెల. ఇంట్లో ఆయనకూ అత్తకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. వేవిళ్లతో కిరోసిన్ వాసన పడక సామాను కడగడం మానేశాను. బండెక్కడం కూడా మానేస్తానని చెప్పాను. "సరే తీ," అన్నాడు.

వారం తిరక్కముందే పక్క ఊరి పటేల్ ఒకాయన మధ్యాహ్నం పూట బండి తెచ్చి షాపు ముందు నిలబెట్టాడు. మంచి భూములున్న మనిషి, పది మంది మాట వినే మనిషి. తెల్లారితే భార్యను తీసుకుని వేములవాడ పోవాలట, రాజన్నకు మొక్కు ఉందట.

"మా ఇంటామెకు నడుంనొప్పి, ఉస్తాద్. ఎనుక మెత్తగుండాలె. ముందు నాకెట్లున్నా ఫికర్ లేదు," అన్నాడు. పెళ్లాం నడుము గురించి అంత బాధపడే మగాడిని నేను అప్పుడే మొదటిసారి చూశాను. లోపల తలుపు పక్కన నిలబడి విని, ఎంత మంచి మనిషి అనుకున్నాను కూడా.

మా ఆయన నూనె పోసి బిగించేసరికి పొద్దు వాలింది. ఇంట్లోకి వచ్చి గడప మీద నిలబడ్డాడు.

"ఒక్క రౌండు రావే."

"నాతోని కాదు ఇయ్యాల. పొద్దటిసంది కడుపుల తిప్పుతున్నది."

"ఒక్కటే. ఆరాంగ పోనిస్త. గా పటేల్ ముందట ఇజ్జత్ పోతది."

ఎక్కాను. ఎవరూ నన్ను ఎత్తి కూర్చోబెట్టలేదు. ఒక్కటే కదా అనుకున్నాను, ఆరాంగా అన్నాడు కదా అనుకున్నాను. అంతకంటే లోతుగా తవ్వితే, ఆ నడుంనొప్పి ఆడమనిషికి ఎలా ఉంటే బాగుంటుందో నాకే తెలుసన్న గర్వం కూడా ఉంది. పట్టాలు దాటగానే "కొడ్తున్నది" అన్నాను. తిరిగొచ్చి విప్పి మళ్లీ పోశాడు. రెండో రౌండు. "ఎగరేస్తున్నది." మళ్లీ విప్పాడు. గాట్ల రింగు తిప్పాడు. మూడు, నాలుగు. అయిదో రౌండుకు నేను ఒక చేత్తో సీటు, ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని కూర్చున్నాను. "ఇంకొక్కటి," అన్నాడు. ఆరూ అయింది, ఏడూ అయింది. ఏడో రౌండులో కుదిరింది. గేటు దాటినట్టే తెలియలేదు. "బాగున్నది," అని దిగి, గోడ పట్టుకుని ఇంట్లోకి పోయి పడుకున్నాను.

మర్నాడు పటేల్ దంపతులు వేములవాడ పోయి సుఖంగా తిరిగొచ్చారు. ఆమెకు పట్టుపరుపు మీద పోయినట్టుందట. ఆ మాట చెప్పి పోదామని పటేల్ షాపుకు వచ్చిన రోజే నన్ను రిక్షాలో మిషన్ దవాఖానకు తీసుకుపోయారు. అప్పటికే అంతా అయిపోయింది.

అక్కడి సిస్టరమ్మ నిదానంగా మాట్లాడే మనిషి. నేను బండి సంగతి చెప్పాను. ఎందుకు దాస్తాను? ఆమె నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "బండితోనే పోయిందని ఎవలు చెప్పలేరమ్మా. కొన్ని ఎందుకో గట్లనే పోతయి. నీ తప్పని మనసుల పెట్టుకోకు," అంది. అది మంచితనంతో చెప్పిన మాటో, నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమే అయి ఉండొచ్చు. కానీ ఇంట్లో అత్తకు ఆ సిస్టరమ్మ చదువు లేదు.

"బండి షోకు," అంది అత్త, నన్ను పరామర్శించడానికి వచ్చిన చుట్టాలందరి ముందూ. "వద్దంటే ఇనదు. ఎప్పుడు జూడు ఆని ఎనుక ఎక్కి ఊరేగుడే. కడుపుతోటున్న దానికి గింత తెల్వద్దా?"

మా ఆయన అక్కడే ఉన్నాడు. కిరోసిన్ గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. నేను ఆయన మొహం చూశాను. ఒక్క మాట చాలు. అవ్వా, నేనే ఎక్కిచ్చిన, అంటే చాలు. నా కడుపు తిరిగి రాదు, నాకు తెలుసు. ఆ మాట వస్తే మాత్రం నేను మళ్లీ ఆ ఇంట్లో మనిషిలా తిరగగలిగేదాన్ని. ఆయన తుడుచుకోవడం అయ్యాక గుడ్డ భుజం మీద వేసుకుని షాపులోకి పోయాడు.

మా అవ్వ నన్ను చూడ్డానికి వచ్చి నాలుగు రోజులుండి పోయింది. ఆమెకూ ఆ షోకు కథే చెప్పారు. ఆమె వాళ్లను ఒక్క మాటా అనలేదు. పోయేటప్పుడు నాకు మాత్రం చెప్పింది: "ఇంక బండెక్కకు బిడ్డా." నా సొంత తల్లి కూడా నమ్మింది.

నెల గడిచాక ఒకరోజు ఆయన నన్ను వడ్ల మిల్లుకు తీసుకుపోయాడు. కాంటా మీద నిలబడమన్నాడు. నేను బాగా చిక్కిపోయాననీ, అది చూసి ఆయనకు గుబులు పట్టిందనీ అనుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు దారిపొడుగునా మనసు కొంచెం తేలికపడింది. నోటితో చెప్పలేని మనిషి ఇలా చూపిస్తున్నాడు అనుకున్నాను. నలభై నాలుగు కిలోలున్నాను.

తెల్లారి షాపులో గోనె బస్తా ఒకటి కనిపించింది. మానేరు ఇసుకతో నింపి, మూతి కుట్టి, వెనక సీటుకు తాడుతో కట్టి ఉంది. సరిగ్గా నలభై నాలుగు కిలోలు. నన్ను తూచింది దానికోసం.

ఆ రోజు నేను ఏడవలేదు. నవ్వొచ్చింది. నోట్లో నాలుక లేని మనిషిని కోరుకునే మగవాళ్లు చాలామంది ఉంటారు, మా ఆయనకు దొరికింది కూడా. బస్తాకు వేవిళ్లు రావు. బస్తా "ఇయ్యాల నాతోని కాదు" అనదు. "కొడ్తున్నది" అని కూడా అనదు. గేటు దాటి వచ్చాక బస్తా జరగకుండా తాడు బిగువుగానే ఉంటే షాకప్ బాగున్నట్టు లెక్క. బస్తా సీటు మీద రెండు పక్కలకూ సమంగా వాలుతుంది కనుక ఎడమ పక్క ప్రత్యేకంగా కుంగేదే లేదు. ఎడమ దాంట్లో చిక్కని నూనె పోయడం మానేశాడు. "చూసినవా, నువ్వు వంకరగ కూసునుడుతోటే గా తిప్పలంత," అన్నాడు ఒకసారి, పెద్ద సంగతి కనిపెట్టినట్టు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రోజు నుంచి పదకొండేళ్లు నేను ఏమీ అనలేదు.

ఆయన పేరు పెరిగింది. నడిపేవాళ్లకు ముందు సీట్లో బాగానే ఉండేది, డబ్బులిచ్చేదీ పొగిడేదీ నడిపేవాళ్లే. వెనక కూర్చునేవాళ్లు షాపుకు రారు. వాళ్లు నల్లా దగ్గర నన్ను పట్టుకునేవారు. "అక్కా, బాగుచేపిచ్చినంక ఇంక జాస్తి గుద్దుతున్నదేందే? ఎడమ తుంటి పట్టేసింది," అని ఒకామె. "మావోడిని అడిగితే ఆడోళ్లకు అన్నీ నొప్పులే అంటడు," అని ఇంకొకామె. నేను బిందె నింపుకుంటూ వినేదాన్ని. కారణం నాకు తెలుసు. ఎడమ దాంట్లో కొంచెం చిక్కని నూనె పడితే చాలని తెలుసు. ఇంటికి పోయి చెబితే పని బాగుపడుతుందనీ తెలుసు. చెప్పలేదు. బస్తానే అడగనీ అనుకునేదాన్ని. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, నా మొగుడి మీది కోపం ఊళ్లో ఆడవాళ్ల నడుముల మీద చూపించాను. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

మధ్యలో నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి మంచం పక్కన కూర్చుని అత్త అంది: "ఈసారి బండెక్కలే. గందుకే నిలిచింది." గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆయన గుమ్మంలో నిలబడి బిడ్డను చూసి మురుస్తున్నాడు. ఆ మాట ఆయనకూ వినబడింది. బిడ్డకు నాలుగేళ్లప్పుడు అత్త పోయింది. నాకు బండి షోకు ఉండేదని నమ్మే పోయింది.

తొంభైల మొదట్లో ఒక శనివారం, ఎండలు ముదరకముందు, ఒక సారు వచ్చాడు. జైనూర్ అవతల గుట్టల్లోని బడిలో పంతులు. అత్తగారిల్లు పెద్దపల్లిలోనే. మిషన్ చర్చి గుడికి పోయే కుటుంబం, నాకు మొహాలు తెలుసు. వెంట భార్య కూడా వచ్చింది. ఆమెకు ఏడో నెల నిండుతోంది. ఆదివారం గుడి అయ్యాక ఆమె బస్సులో, ఆయన బండి మీద వెనక్కి పోతారట.

"అన్నా, షాకప్‌లు రెండు సచ్చినయి," అన్నాడు సారు. "మా దిక్కు జీపు ఉంటె ఉంటది, లేకుంటె లేదు. ఈమెకు నొప్పులొస్తె గీ బండి మీదనే గుట్ట దింపాలె. జర మంచిగ చెయ్యి."

"పరేషాన్ కాకు సారూ. పట్టు లెక్క చేసిస్త," అన్నాడు మా ఆయన.

షాకప్ విప్పేటప్పుడు ఎప్పటిలాగే చిప్పలు నేనే లాగాను. సీళ్లు మార్చి, రెండింట్లోనూ ఒకటే నూనె, ఒకటే గీత దాకా పోశాడు. నేను చూస్తూనే ఉన్నాను. బిగించాక మూలనున్న ఇసుక బస్తాను ఎత్తి వెనక సీటుకు కట్టాడు. గేటు దాటి పోయి వచ్చాడు.

"ఫస్ట్ క్లాస్. తీస్కపోరి."

ఆ అమ్మాయి నేను వేసిన స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. గ్లాసు నా చేతికిస్తూ మామూలుగా అడిగింది: "అక్కా, ఎనుక ఎట్లుంటదో ఎవలు చూసిండ్రు?"

"బస్తా చూసింది," అన్నాను.

ఆమె నవ్వింది, నేను వేళాకోళం ఆడాననుకుని. నవ్వేటప్పుడు ఒక చెయ్యి పొత్తికడుపు మీదికి పోయింది. అందరమూ అలాగే పట్టుకుంటామేమో. నల్లా దగ్గరి ఆడవాళ్ల ముందు పదకొండేళ్లు మూసుకున్న నోరు ఈ పిల్ల ముందు మూసుకుంటే నేను మనిషిని కాను అనిపించింది. షాపులోకి దిగాను.

"ఆ బస్తా దించు," అన్నాను.

"ఎందుకే?"

"సారు నడుపుతడు. నువ్వు ఎనుక కూసో. రెండు కాళ్లు ఎడమ దిక్కేసి, ఆడిమనిషి లెక్క కూసో."

ఆయన పకపకా నవ్వాడు. సారు కూడా నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు.

"నేను మిస్త్రీని. నేనెందుకు కూసుంట? ఎనుక కూసునేది నువ్వు..." అని మధ్యలో ఆగిపోయాడు.

వెనక కూర్చోవడం నా షోకు కాదు, నాకు అప్పజెప్పిన పని అన్న మాట పదకొండేళ్లలో ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అది కూడా జారిపడింది.

"ఆ, నేనే. నన్నెవలు కూసోబెట్టిండ్రు?"

"నువ్వే ఎక్కినవు గదా," అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఎప్పటినుంచో నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నట్టు. పదకొండేళ్లు ఆ మనిషి లోపల కుమిలిపోతున్నాడేమో, చెప్పలేకపోతున్నాడేమో అని నాకు ఏ మూలో ఒక ఆశ ఉండేది. అది కూడా ఆ మాటతో పోయింది.

"ఎక్కిన," అన్నాను. గొంతు పెద్దదైందని నాకు తెలుస్తూనే ఉంది. పక్క షాపువాళ్లు కూడా తలలు తిప్పారు. "ఒక్క రౌండే అంటె ఎక్కిన. ఏడు రౌండ్లు కొట్టిచ్చినవు. మూడో నెల నాకు. పటేల్ పెండ్లాం నడుము నొయ్యొద్దని నన్ను ఎక్కిచ్చినవు. మీ అవ్వ షోకంటె చేతులు తుడుసుకుంట పోయినవు. గిప్పుడు ఏడు నెలల కడుపుతోటున్న పిల్లకు బస్తాతోటి చూసి ఫస్ట్ క్లాస్ అంటున్నవు. గంత పట్టు లెక్కుంటె నువ్వే కూసో."

సారు భార్య లేచి నిలబడింది. సారు నెమ్మదిగా బస్తా తాడు విప్పి, బస్తా దించి, బండెక్కి స్టార్ట్ చేశాడు.

"కూసో అన్నా," అన్నాడు.

ఆయన ఎక్కాడు. ఊరంతా చూస్తుండగా నా మొగుడు కాళ్లు రెండూ ఎడమ పక్కకు వేసి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఒక చెయ్యి సీటు మీదా ఒక చెయ్యి గాల్లోనూ పెట్టి, గేటు వైపు పోయాడు. పక్క షాపులో ఎవరో ఈల వేశారు. నాకు నవ్వు రాలేదు. పట్టాల దగ్గర ఆయన ఒక జానెడు పైకి లేచి పడడం ఇక్కడికే కనిపించింది.

తిరిగొచ్చి దిగేటప్పుడు ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు. ఎవరివైపూ చూడలేదు. స్పానర్ తీసుకుని ఎడమ షాకప్ విప్పడం మొదలుపెట్టాడు. నేను పోయి చిప్పలు లాగాను. నూనె ఒంపేశాడు. నేను చిక్కని నూనె డబ్బా తెచ్చి పక్కన పెట్టాను, దగ్గుమందు సీసాలో ఏ గీత దాకానో వేలితో చూపించాను. పోసి, బిగించి, మళ్లీ తనే వెనక ఎక్కాడు. వచ్చి, "ఎగరేస్తున్నది," అన్నాడు నేలను చూస్తూ. నా మాటే. మళ్లీ విప్పాడు. ఆ రోజు మొత్తం అయిదు రౌండ్లు కూర్చున్నాడు. నాకంటే రెండు తక్కువ.

రెండు నెలలకు జైనూర్ నుంచి కార్డు వచ్చింది. జీపు దొరకలేదట, బండి మీదే గుట్ట దిగారట, తల్లీ బిడ్డా క్షేమమట. ఆ బండిని ఇలా చేసిచ్చిన చేతులు చల్లగా ఉండాలని రాశారు. కార్డు మీద మిస్త్రీగారికి అని ఉంది. ఆయన దాన్ని షాపులో గోడకు మేకు కొట్టి తగిలించాడు. నేను తీసెయ్యలేదు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం, సారు వాళ్లు పోయాక, ఆయన చాలాసేపు బస్తా మీదే కూర్చున్నాడు. నేను పనిముట్లు సర్దుతున్నాను. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. సర్దడం కావాలనే ఆలస్యం చేశాను కూడా, మాట పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలని.

"ఎనుక గంత ఉంటదని నాకు తెల్వదే," అన్నాడు. "ఒక్కసారన్న చెప్పకపోతివి."

నేను మూడేళ్లు చెప్పాను. రోజుకు నాలుగుసార్లు చెప్పాను. కొడ్తున్నదని చెప్పాను, ఎగరేస్తున్నదని చెప్పాను, ఆ రోజు కడుపు పట్టుకుని కూడా చెప్పాను. ప్రతిసారీ విన్నాడు, విని నూనె మార్చాడు. షాకప్ గురించి చెబుతున్నాననుకున్నాడు.